నెలకు తొమ్మిది రోజులే అన్నారు

2024 జూలైలో ఆ ఫోను వచ్చేనాటికి ఉద్యోగం మారాలన్న ఆలోచన నాకు లేదు. మందుల తయారీ రంగంలో, నాణ్యత విభాగంలో పదహారేళ్ళుగా పని చేస్తున్నాను. బాచుపల్లిలో ఇల్లు, ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఫ్యాక్టరీ, మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకల్లా ఇంట్లో ఉండే వెసులుబాటు. ఫోను చేసినవారు ఇస్తామన్నది వెండర్ ఆడిటర్ ఉద్యోగం. బల్క్ డ్రగ్గులు (మందులో పని చేసే అసలు రసాయనాలు), ఇతర ముడిపదార్థాలు, ప్యాకింగ్ సరుకు సరఫరా చేసే ఫ్యాక్టరీలకు స్వయంగా వెళ్ళి, అక్కడి గోదాములూ నీటి శుద్ధి ఏర్పాట్లూ రికార్డులూ తనిఖీ చేసి, వాళ్ళ దగ్గర సరుకు కొనవచ్చో లేదో రాసి ఇవ్వడం ఆ ఉద్యోగం. అలాంటి ఫ్యాక్టరీలు కొన్ని మన పటాన్‌చెరు, జీడిమెట్లల్లో ఉన్నా, ఎక్కువ భాగం అనకాపల్లి జిల్లా పరవాడలోనో, హిమాచల్‌లోని బద్దీలోనో, గుజరాత్‌లోని అంకలేశ్వర్, వాపిలలోనో ఉంటాయి. ఆఫర్ లెటర్‌లో ప్రయాణం గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: పని దినాలలో నలభై శాతం వరకు. దాన్ని నాకు విడమరచి చెప్పిన హెచ్ఆర్ అమ్మాయి, "నెలకు తొమ్మిది రోజులే సార్" అంది.

మా ఇంట్లో నలుగురం. నా భార్య ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం ఉపాధ్యాయురాలు, అబ్బాయి తొమ్మిదో తరగతి. నాన్నకు డెబ్బై రెండేళ్ళు. తెనాలి డిపోలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు, అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మూడేళ్ళుగా ఆయనకు మంగళవారం, శుక్రవారం డయాలసిస్ జరుగుతోంది. మాది ఉదయం ఆరు గంటల షిఫ్టు. వెళ్ళగానే బరువు చూస్తారు. నీరంతా తీశాక ఉండవలసిన బరువును అక్కడివాళ్ళు డ్రై వెయిట్ అంటారు, అది నాన్నకు 58.5 కిలోలు. మామూలుగా ఆయన అరవై ఒకటికి అటూ ఇటూగా వస్తారు. ఎడమ చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉంది కాబట్టి ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకూడదు, పరీక్షలకు ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వకూడదు. నాలుగు గంటల తరువాత సూదులు తీసి, ఆ చోట గాజుగుడ్డ మడిచి పెట్టి పది నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆ తరువాత కూడా ఆయన్ను ఒక్కసారిగా లేపకూడదు; కాళ్ళు కిందికి వేలాడేసి కాసేపు కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం లేదని ఆయన నోటితో చెప్పాకే నిలబెట్టాలి. ఇవన్నీ నేను చూసుకునేవాణ్ణి. ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్ళి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండేలా మా మేనేజరు ఎప్పుడో ఒప్పుకున్నారు.

కాబట్టి ఎవరడిగినా నేను మొదట చెప్పిన మాట ఒకటే: నాన్న పరిస్థితి చూస్తూ ఈ ఉద్యోగం ఎలా ఒప్పుకుంటాను? అలా అంటూనే ఆఫర్ లెటర్‌కు జవాబివ్వడానికి పదిహేను రోజులు గడువు అడిగాను. ఒప్పుకోనివాడికి పదిహేను రోజులెందుకని నా భార్య అప్పుడే అడిగింది. నేను సరిగా జవాబు చెప్పలేదు.

ఆ గడువులో చేసిన పనుల్లో బాగా ఉపయోగపడింది, అదే ఉద్యోగంలో నాలుగేళ్ళు ఉండి మానేసిన ఒక పెద్దమనిషితో మాట్లాడటం. ఆయన ఎవరో హెచ్ఆర్ చెప్పదు. ఈ రంగంలో పదహారేళ్ళున్న పరిచయాల వల్ల దొరికారు. తొమ్మిది రోజుల సంగతి చెప్పగానే నవ్వి, "తొమ్మిది ఆడిట్ రోజులండీ, తొమ్మిది ప్రయాణపు రోజులు కావు" అన్నారు. ఉదయం తొమ్మిదిన్నరకు అంకలేశ్వర్ ఫ్యాక్టరీలో కూర్చోవాలంటే ముందు రోజే సూరత్‌కు విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి రైలులోనో కారులోనో యాభై కిలోమీటర్లు పోయి రాత్రి హోటల్లో పడుకోవాలి. రెండో రోజు సాయంత్రం ముగింపు సమావేశం ఐదింటికి అవుతుందనుకుంటే ఏడయినా అవుతుంది, ఎందుకంటే తప్పు రాయించుకోవడానికి ఇష్టపడని వాళ్ళు ప్రతి మాట దగ్గరా ఆగుతారు. అంటే రెండు రోజుల ఆడిట్‌కు మూడు రాత్రులు. ఇంటికొచ్చాక రిపోర్టు రాయాలి, వాళ్ళు పంపే జవాబులు చదవాలి, చాలవంటే తిప్పి పంపాలి. వారం మధ్యలో తిరుగుడే కాబట్టి రిపోర్టు శనివారం మీద పడుతుందన్నారు. ముందు ముందు ప్రయాణాలు తగ్గుతాయేమోనని అడిగితే, ఆ ఆశ పెట్టుకోవద్దని నిష్కర్షగా చెప్పారు. 2023 డిసెంబరు చివరలో కేంద్రం మందుల తయారీకి సంబంధించిన షెడ్యూల్ ఎం నిబంధనలను సవరించాక, సరఫరాదారులను పరీక్షించి ఆమోదించడమనేది ఎవరూ తప్పించుకోలేని పని అయింది. ఈ సంగతి నాకూ తెలుసు, కాని నా ఇంటి రాత్రులతో కలిపి ఎన్నడూ చూసుకోలేదు.

నేను అడగకుండానే ఆయన ఇంకో మేలు చేశారు. 2024 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో, అంటే మానేయడానికి ముందు మూడు నెలల్లో, ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నారో ఆ తేదీలన్నీ పంపారు. ఏ ఫ్యాక్టరీయో ఉండదు, తేదీలూ ఊళ్ళూ అంతే. నా భార్య ఆ కాగితం తీసుకుని వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరును కిందికి దింపింది. పాలవాడి లెక్క, గ్యాసు సిలిండరు వచ్చిన రోజు, డయాలసిస్ ముందు నాన్న బరువు, అన్నీ మేం దాని మీదే రాస్తాం. ఆయన ఊళ్ళో లేని ప్రతి రాత్రినీ ఆమె ఎర్ర పెన్నుతో చుట్టింది. ముప్పై ఒక్క సున్నాలు వచ్చాయి. ఆ మూడు నెలల్లో నాన్నకు ఇరవై ఆరు డయాలసిస్‌లు జరిగితే, ఆయన స్థానంలో నేనుంటే వాటిలో పదకొండింటికి ఉండేవాణ్ణి కాదు.

జరగబోయేదాన్ని ఊహించుకునే బదులు జరిగిపోయినదాని మీద ఆ సున్నాలు పరిచి చూసినందువల్లనే మాకు సంగతి తెలిసింది. ఏప్రిల్ 9 ఉగాది, మంగళవారం. ఆ రోజు ఆయన వాపిలో ఉన్నారు. పండుగ కదా, పచ్చడి అబ్బాయి కలుపుతాడని మేం నవ్వుకున్నాం. ఆ నెల మొదటి రెండు వారాల్లో నా భార్య పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు పోతున్నందున ఉదయం ఆమెకు ఊపిరాడలేదు. అసలు దెబ్బ మే 14న కనబడింది. మే 13న లోక్‌సభ ఎన్నికల పోలింగు. ఆమెకు ఎన్నికల విధి పడి, 12న సామగ్రి తీసుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్ళి, 13 రాత్రి ఈవీఎంలు అప్పగించి ఇంటికి వచ్చేసరికి తెల్లవారుజామున రెండయింది. ఆరు గంటలకు డయాలసిస్. ఆ రోజు నేనుండబట్టి ఆమె పడుకుంది. ఆ పెద్దమనిషి మాత్రం ఓటు వేసి, సాయంత్రం చండీగఢ్ విమానం ఎక్కి, ఆ రాత్రి బద్దీలో ఉన్నారు. ఆ చదరం మీదున్న ఎర్ర సున్నా వైపు ఆమె చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు.

డబ్బు లెక్క దీనికన్నా తొందరగా తేలింది. సీటీసీ, అంటే సంస్థ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 10.2 లక్షల నుంచి 13.8 లక్షలకు పెరుగుతుందన్నారు గాని, అందులో పది శాతం ఏడాది చివర పనితీరు చూసి ఇచ్చేది; పీఎఫ్, గ్రాట్యుటీ వాటాలు తీసేస్తే చేతికి నెలకు పదిహేడు వేల చిల్లర ఎక్కువ వస్తుంది. ప్రయాణాల్లో రోజు ఖర్చులకిచ్చే డి.ఏ. మిగుల్చుకోవచ్చని స్నేహితులు సలహా ఇచ్చారు. పర్యటన కోసం ఇచ్చే డి.ఏ.కు పన్ను మినహాయింపు నిజంగా ఖర్చు పెట్టిన మేరకే కాబట్టి, ఇడ్లీ తిని భోజనం మానేసి మిగిల్చిన దానికి పన్ను కూడా కట్టాలి. ఆ లెక్క పక్కన పెట్టాను. మా ఇంటికి జీతం కన్నా ముఖ్యమైన సంగతి గ్రూప్ ఇన్సూరెన్స్. డయాలసిస్‌కు ఒక్కో విడతకు మందులతో కలిపి దాదాపు 2,200 అవుతుంది, అంటే ఏడాదికి 2.3 లక్షలు. పాత సంస్థ పాలసీ తల్లిదండ్రులకు ఐదు లక్షల దాకా వర్తిస్తుంది. కొత్త సంస్థ పాలసీలో తల్లిదండ్రులుంటారా అని మూడుసార్లు అడిగితే గాని, ఉంటారు, మూడు లక్షల దాకానే అని తేలలేదు. పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేదని, ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో ఉండనక్కరలేని చికిత్సల జాబితాలో డయాలసిస్ ఉందని రాతపూర్వకంగా తెప్పించుకున్నాను. మరో 28,000 ప్రీమియం నేను కట్టుకుంటే ఐదు లక్షలకు పెంచుతామన్నారు. అదీ, నేను లేని రోజుల్లో నాన్న వెంట వచ్చే మనిషి ఖర్చూ పోగా నెలకు పదకొండు, పన్నెండు వేలు మిగులుతుంది. ఉద్యోగం మారే ముందు ముప్పై ఒక్క రాత్రుల పక్కన ఈ అంకె రాసి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. చూసుకున్నాక నాకు ఉత్సాహం చల్లారింది. వద్దని మెయిల్ రాసి, పొద్దున పంపుదామని డ్రాఫ్టులో ఉంచాను.

మరునాడు శుక్రవారం. మిషను నడుస్తుండగా నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ ఉద్యోగం వదిలేస్తున్నానని చెప్పాను. ఎందుకు అన్నారు. మిమ్మల్ని వదిలి ఎలా వెళ్తానన్నాను. ఆయన కొంతసేపు పైన ఫ్యాను వైపు చూసి, నేను జన్మలో వినని సంగతి ఒకటి చెప్పారు.

"నా సర్వీసులో నైట్ హాల్ట్ డ్యూటీలు ఎన్ని చేశానో నీకు తెలుసుగా. డిపోలో వేశారని మీ అమ్మకు చెప్పేవాణ్ణి. వాటిలో సగం నేను అడిగి వేయించుకున్నవే. చివరి ట్రిప్పుకి ఊళ్ళోకి పోయి, బస్సు రచ్చబండ దగ్గర పెట్టేసి, ఎవరో ఇచ్చిన మజ్జిగన్నం తిని, బస్సు టాపు మీద పడుకుంటే ఆ హాయే వేరు. అది చెప్పడానికి మొహం చాలక డిపో మీద నెట్టేవాణ్ణి. నువ్వు నా మీద నెట్టకు. పోవాలని ఉందా లేదా, అది చెప్పు ముందు."

ఉందని చెప్పాను. చెప్పేదాకా నాకే స్పష్టంగా తెలియదు. పదహారేళ్ళుగా ఒకే ఫ్యాక్టరీ గోడల మధ్య, ఒకే రికార్డులు తిరగేస్తూ, ఇతరులు ఈ పని ఎలా చేస్తున్నారో చూడాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. దానితోపాటు, ఎవరికీ చెప్పుకోలేనిది, వారానికి రెండు రాత్రులు అలారం పెట్టుకోకుండా పడుకోవాలన్న కోరిక కూడా ఉంది. రెండోది కూడా నాన్నకు అర్థమైందనే అనుకుంటాను, ఎందుకంటే ఆయన దాని గురించి ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి డ్రాఫ్టు చెరిపేసి, మరో మూడు వారాలు గడువు అడిగాను. ఆశ్చర్యంగా ఇచ్చారు.

ఆ గడువులో రెండు వారాల పాటు, నేను ఇంట్లో ఉంటూనే, మంగళ, శుక్రవారాల పనుల్లో వేలు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. ఒక మనిషిని విడతకు ఎనిమిది వందలకు కుదుర్చుకున్నాం. మొదటి రోజే అతను అలవాటులో నాన్న ఎడమ చేతికి బీపీ పట్టీ చుట్టబోయాడట. నాన్నే చెయ్యి లాక్కుని, "అది నా ప్రాణం బాబూ, ఇటు చుట్టు" అని కుడి చెయ్యి ఇచ్చారట. ఆ మాట విని నేను భయపడ్డాను, నా భార్య మాత్రం ధైర్యం తెచ్చుకుంది. ఆయన తన సంగతి తాను చూసుకోగలడని ఆమెకు అప్పుడు నమ్మకం కలిగింది. రెండో శుక్రవారం బరువు 62.1 వచ్చింది. కారణం వెతికితే, దొరికింది ఒక నీళ్ళ సీసా. నాన్న రోజుకు తాగవలసిన నీళ్ళు ముప్పావు లీటరు సీసాలో పొద్దున్నే నేను నింపి పెడతాను, ఆ సీసా అయిపోతే ఆ రోజుకు అంతే. వేలు పెట్టకూడదు కాబట్టి నేను నింపలేదు. అది ఒక పని అని ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు, జాబితా రాసినప్పుడు రాయలేదు. ఆయన ఫిల్టరు దగ్గరికి వెళ్ళి దాహమైనప్పుడల్లా పట్టుకుని తాగారు. ఆ మర్నాటి నుంచి సీసా బాధ్యత అబ్బాయి తీసుకున్నాడు, క్యాలెండరు మీద బరువు రాయడం కూడా.

ఇక సంస్థతో మాట్లాడవలసింది మిగిలింది. డయాలసిస్ పదింటికి ముగుస్తుంది కాబట్టి మంగళవారం మధ్యాహ్నం బయలుదేరి, బుధ, గురువారాలు ఆడిట్ చేసి, గురువారం రాత్రికి తిరిగి రాగలిగితే శుక్రవారం ఉదయానికి నేను ఉంటాను. బద్దీకి చండీగఢ్ విమానాలతో ఇది కుదురుతుంది. పరవాడకు మంగళవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. గురువారం సాయంత్రం అదే బండిలో తిరిగి బయలుదేరితే శుక్రవారం తెల్లవారుజామున సికింద్రాబాదు, అక్కడి నుంచి నేరుగా డయాలసిస్ కేంద్రానికి పోవచ్చు. గుజరాత్‌కు మాత్రం ఏ లెక్కా కుదరదు. అందుకని అంకలేశ్వర్, వాపి పనులు కలిపి ఆరు వారాలకొకసారి ఒకే వారంలో చేస్తానని, ఆ వారంలో మంగళవారం కుదుర్చుకున్న మనిషి, శుక్రవారం మేడ్చల్ నుంచి మా బావమరిది నాన్న వెంట ఉండేలా చూసుకుంటానని చెప్పాను. ఎన్నికల విధి లాంటివి ముందుగా తెలుస్తాయి గనుక ఆ వారాలు నాకు వదిలేయమన్నాను. ఆదివారం ప్రయాణం చేయిస్తే బదులు సెలవు కావాలన్నాను. కొత్త మేనేజరు అన్నిటికీ తల ఊపి, ఇదంతా ఆఫర్ లెటర్‌లో రాయలేమన్నారు. లెటర్‌లో వద్దు, మీరు ఒప్పుకున్నది రెండు లైన్ల మెయిల్‌లో పంపండి చాలన్నాను. ఐదు రోజులు మెయిల్ రాలేదు. ఆ ఐదు రోజులూ నేను రాజీనామా ఇవ్వలేదు. ఆరో రోజు వచ్చింది, ఆదివారం సంగతి తప్ప మిగతావన్నీ ఉన్నాయి. ఆ రాత్రే సంతకం చేశాను. పాత ఉద్యోగంలో తొంభై రోజుల నోటీసు గడిపి డిసెంబరులో చేరాను.

చేరాక, క్యాలెండరు చెప్పినవి దాదాపు చెప్పినట్టే జరుగుతున్నాయి. రిపోర్టులు శనివారం మీదనే పడుతున్నాయి. సూరత్ విమానం ఆలస్యమైన రాత్రులున్నాయి. తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదన్న నిజం సంస్థ డబ్బుతో రెండుసార్లు నేర్చుకున్నాను. క్యాలెండరుకు అందనిది మొదటి వాపి ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక కనబడింది. ఆ వారమంతా ప్రతి రాత్రీ ఫోను చేశాను, ప్రతి రాత్రీ అంతా బాగుందన్నారు. శనివారం ఇంటికి వచ్చి, వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ గోడ వైపు చూస్తే, శుక్రవారం చదరంలో అబ్బాయి సన్నటి అక్షరాలతో రాసి ఉంది: 61.0. బీపీ 90/60. లేవలేదు, 40 నిమిషాలు పడుకోబెట్టారు.

ఎందుకు చెప్పలేదని అడిగాను. "వాపిలో ఉండి మీరేం చేస్తారు?" అంది నా భార్య, కోపంగా కాదు, నిజంగా అడిగినట్టుగా. ఆ రాత్రికి ఆ రాత్రి చెప్పాలని ఇంట్లో ఒక నియమం పెట్టబోయాను. పక్క గదిలోంచి నాన్న అడ్డుపడ్డారు: "నైట్ హాల్ట్‌లో ఉన్నవాడికి కబురంపితే బస్సు వదిలేసి వస్తాడేమిట్రా?" మీ డ్యూటీల్లో మాకేమయిందో మీకు అమ్మ ఎప్పుడు చెప్పేదని అడిగాను. పొద్దున మొదటి ట్రిప్పు దిగి ఇంటికి వచ్చాకనే అన్నారు.

ప్రస్తుతానికి అబ్బాయి రాస్తున్నాడు, నేను వచ్చాక చదువుకుంటున్నాను. ఈ మంగళవారం మధ్యాహ్నం చండీగఢ్ విమానం, గురువారం రాత్రికి తిరుగు టికెట్టు ఉంది.